డెబ్బై రెండు గజాల పసుపు బొట్టు

ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను ఒక్క గజం నేల కూడా కొలవలేదు. కొలిచేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. వాళ్ళు ఎండలో టేపు పట్టుకుని తిరిగి, కాళ్ళకి పొలం బురదతో మా సెక్షన్లోకి వచ్చి, చెమటకి తడిసిన కాగితం నా బల్ల మీద పెట్టేవాళ్ళు. దాన్ని ఫ్యాను కింద కూర్చుని శుభ్రంగా మళ్ళీ గీయడం నా పని. నా ఉద్యోగం పేరు ట్రేసరు. ఇప్పుడు ఆ పోస్టే తీసేశారు. మీలో కొత్తగా పురపాలక ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కూడా ఆ పేరు విని ఉండరు.

తెనాలి, బాపట్ల, రేపల్లె, ఈ మూడు ఊళ్ళ మధ్యే నా బతుకంతా గడిచింది. ఈ సంగతి ఎక్కడ జరిగిందో మాత్రం చెప్పను. ఇందులోవాళ్ళు ఇంకా అదే రోడ్డు మీద పొద్దున్నే నడుస్తున్నారు. నేనూ నడుస్తున్నాను. ఎదురుపడితే ఒకాయన చెప్పు తెగినట్టు నటించి వంగుతారు.

నేను చేరిన కొత్తల్లో లేఅవుటు అంటే పది సెంట్ల ప్లాట్లు. నక్షాలో ఒక్కొక్కటి అగ్గిపెట్టెంత ఉండేది. లోపల నంబరు వేసి, నాలుగు వైపులా కొలతలు రాసి, ఇంకా చోటు మిగిలితే ఊరుకోలేక ఒక కొబ్బరిచెట్టు బొమ్మ కూడా వేసేదాన్ని. అప్పటి ఆఫీసరు ఒకాయన, "ఇది సర్కారు కాగితమా, శుభలేఖా అమ్మా?" అని విసుక్కునేవారు. తరవాత ఐదు సెంట్లొచ్చాయి, చెట్లు మానేశాను. మూడు సెంట్లొచ్చాయి, అంకెలు చిన్నవి చేశాను. ఆఖరికి సెంటున్నర, అంటే డెబ్బై రెండు గజాలొచ్చింది. సన్న నిబ్బుతో నంబరు రాస్తే చాలు, ప్లాటు నిండిపోయేది. పెరడు, జామచెట్టు, నూతిగట్టు, వాకిట్లో మంచం వేసుకునే చోటు ఏమైపోయాయని జనం అంటుంటే నాకు నవ్వొస్తుంది. ఎక్కడికీ పోలేదు, నా నిబ్బు కిందనుంచే పోయాయి.

ప్రతి లేఅవుటులోనూ పదో వంతు ఖాళీగా వదలాలని రూలు. అది పార్కు. దాని చుట్టూ సిరాతో గీత గీసి, లోపల పచ్చ పెన్సిలుతో నింపాలి. రోడ్లకి ఎరుపు. మా ఆఫీసులో ఎర్ర పెన్సిళ్ళు అడిగినన్ని ఇచ్చేవాళ్ళు. పచ్చది మాత్రం ఏడాదికి ఒకటి. రెండోది అడిగితే స్టోరు గుమాస్తా నేనేదో ఇంటికి పట్టుకుపోతున్నట్టు చూసేవాడు. అందుకని పచ్చ రంగు అద్దీ అద్దనట్టు రుద్దేదాన్ని. ఆ పొదుపు నా మొదటి తప్పు.

రెండో తప్పు, నా చెయ్యి మంచిదని పేరు రావడం. నేను గీసిన లేఅవుటు ఒకటి వారం తిరక్కుండా అమ్ముడుపోయిందట. అక్కణ్ణుంచి ప్లాట్లు వేసే పెద్దమనుషులు సంతకాలయిన రోజున పసుపు పొట్లంతో సహా నా బల్ల దగ్గరికొచ్చేవాళ్ళు. "మేడమ్ గారూ, మీ చేత్తో పసుపు పెట్టండి." కొత్త బట్టలకి పెడతాం, శుభలేఖలకి పెడతాం, బ్లూ ప్రింటుకి పెడితే తప్పేముంది? బొటనవేలు తడిచేసి, పసుపులో అద్ది, నాలుగు మూలలా నొక్కేదాన్ని. వాళ్ళ కాపీకీ, మా ఆఫీసు కాపీకీ కూడా. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే బాగుండదని.

ఎనభై ఎనిమిది ప్లాట్ల లేఅవుటు ఒకటి అలాగే నా బల్ల మీదికొచ్చింది. వరిచేను పూడ్చి వేసినది, అన్నీ సెంటున్నర ప్లాట్లే. అందులో నా బొటనవేలు ఒక మూల ఊరిపేరు మీద పడింది, ఇంకో మూల ఉత్తరం దిక్కు గుర్తు మీద, మూడో మూల ఖాళీ అంచు మీద. నాలుగో మూల అంచే లేదు. ప్లాట్లు కాగితం చివరిదాకా ఇరికించారు. అక్కడ నలభై ఒకటో నంబరు ప్లాటుంది. మా నక్షా కొలతలో నా బొటనవేలు సరిగ్గా డెబ్బై రెండు గజాలు.

లేఅవుటు వేసిన పెద్దమనిషి ప్లాట్లన్నీ అమ్మేశాక, పార్కు కూడా తొమ్మిది ముక్కలు చేసి అమ్మేసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. అక్కడ తొమ్మిది ఇళ్ళు లేచాయి. నాకు తెలుసా అంటే, తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాం. ఎవరూ అడగలేదు.

ఏళ్ళు గడిచాక కంప్యూటర్లు వచ్చాయి. పాత నక్షాలన్నీ పెట్టెల్లో పెట్టి పంపితే, ఎవరో స్కాన్ చేసి ఎక్కించారు. నేను పొదుపుగా రుద్దిన పచ్చరంగు అప్పటికే వెలిసిపోయింది. పసుపు మాత్రం నీలం కాగితంలోకి ఇంకి, చక్కటి ఆకుపచ్చగా మారింది. కంప్యూటరు తన తెలివికొద్దీ ఆ వేలిగుర్తుని నలుచదరంగా సర్ది, నలభై ఒకటో నంబరు పార్కు అని తేల్చింది. రంగు లేకుండా కనిపించిన అసలు పార్కులో తొమ్మిది ప్లాట్లూ సక్రమమే అంది. ఆ తొమ్మిది ఇళ్ళవాళ్ళూ మూడు రోజుల్లో రెగ్యులరైజు చేయించుకుని ఆఫీసులో మిఠాయిలు పంచారు. నేనూ ఒక లడ్డు తిన్నాను.

ఇక నా రిటైర్మెంటు ఏడాదిలో పడ్డాక ఆవిడ వచ్చింది. నిజాంపట్నం దగ్గర పల్లె నుంచి వచ్చి మా ఊళ్ళో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. నా కంటే పదేళ్ళు చిన్నదయి ఉంటుంది. భర్త పడవ మీద పనికి వెళ్ళేవాడట, లేడు. రొంటిన సున్నం డబ్బీ, చేతిలో సంచి, సంచిలో నలభై ఒకటో నంబరు దస్తావేజు.

"నా స్థలం పార్కంటున్నారు ఏంటండి? కొని పన్నెండేళ్ళయింది. ప్లాను పెడితే మీ కంప్యూటరు తిప్పి కొడతంది."

నేను కంప్యూటరు అమ్మాయి వైపు చూశాను. కాంట్రాక్టు పిల్ల, పని తెలిసినది. తెర మీద ఆకుపచ్చ గడి చూపించింది. నేను పెద్ద తెలిసినదానిలా, "కంప్యూటర్లో తప్పు రాదమ్మా, నిన్నెవరో మోసం చేశారు" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆవిడ కదల్లేదు. "ఇప్పటికి ఆరిళ్ళు మారానండి. చేపల వాసనంట. ఇప్పుడున్న ఇంటాయన కూడా ఈ నెలాఖరుకి కాళీ చెయ్యమన్నాడు. నా ఇంట్లో నేనుంటే ఎవురు ఏమంటారని స్థలం కొన్నా. అది కూడా పార్కయితే నేనెక్కడికి పోవాలో ఆ కంప్యూటర్ని అడిగి చెప్పండి."

కంప్యూటరు ఏమీ చెప్పలేదు. ఈలోగా ఆ లేఅవుటులో పెద్ద విచిత్రం జరిగింది. తమకో పార్కుందని కాలనీవాళ్ళకి తెలిసిపోయింది. కంచె వేశారు, బోర్డు పెట్టారు, సిమెంటు బెంచీ వేశారు. చుట్టూ నడక దారి కూడా వేశారు. డెబ్బై రెండు గజాల్లో నడక దారంటే ఆలోచించుకోండి. పది చుట్లు తిరిగేసరికి కళ్ళు తిరిగేవి. అందుకని ఈల వేసే బాధ్యత ఒకాయనకి అప్పజెప్పారు. ఆయన ఈల వేస్తే అందరూ ఆగి, వెనక్కి తిరిగి, అవతలి దిక్కుగా నడిచేవాళ్ళు.

ఈల వేసేది రిటైరయిన లెక్చరరు గారు. పచ్చదనం మీద ఆయన మాట్లాడుతుంటే వినాలనిపించేది. పార్కు పరిరక్షణ సంఘం పెట్టి, తొమ్మిది మందిని కమిటీలో వేసుకున్నారు. ఆ తొమ్మిది మందివీ అసలు పార్కులో కట్టిన తొమ్మిది ఇళ్ళే. ఎవరి ఇల్లు ఎక్కడుందో వాళ్ళకి తెలియక కాదు, తెలిసే అంత గట్టిగా పట్టుకున్నారని నా అనుమానం.

చేపలావిడ ఆఫీసుకి రావడం మానేసింది. వచ్చి లాభం లేదని తెలిసింది కాబోలు. తెల్లారేసరికి కంచె తప్పించి లోపలికెళ్ళి, బెంచీ మీదా గడ్డి మీదా గోనెలు పరిచి చేపలు ఆరబోసింది. సావిడాయలు, నెత్తళ్ళు. లెక్చరరు గారు అడ్డొస్తే, "నా స్థలంలో నేను ఆరబోసుకుంటే తమకేంటండి? అద్దింట్లో ఎండబెట్టనివ్వరు" అంది. నడిచేవాళ్ళు ముక్కుకి రుమాలు కట్టుకుని చేపల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పిల్లులొచ్చాయి, కాకులొచ్చాయి, కొంగ ఒకటి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఆ పార్కులో జీవకళ ఉన్నది ఆ వారమే.

కమిటీ పైదాకా ఫిర్యాదు చేసింది. పై ఆఫీసరు గారు స్థలం దగ్గరే విచారణ పెడతామనీ, అసలు నక్షా తెమ్మనీ ఉత్తరం పంపారు. ఆ నక్షా వెతికే పని నా మీద పడింది. రికార్డు రూములో దుమ్ము దులిపి, బల్ల మీద పరిచాను. నలభై ఒకటో నంబరు మీద ఆకుపచ్చ మచ్చ ఉంది. మచ్చ మధ్యలో అడ్డంగా రంగు అంటని సన్నటి గీత ఒకటి ఉంది.

నా కుడి బొటనవేలి మీద అదే గీత ఉంది. ట్రేసింగు కాగితం మీద సిరా తప్పు పడితే సగం బ్లేడుతో గీకి తీసేవాళ్ళం. అలా గీకుతూ చేరిన మొదటి ఏడే కోసుకున్నాను. వేలిని మచ్చ మీద పెట్టి చూశాను. సరిపోయింది. ఒక మనిషి పన్నెండేళ్ళుగా దాచుకున్న ఇంటి మీద నా వేలు పెట్టుకుని కూర్చున్నానన్నమాట.

మా సర్వేయరుకి చూపించాను. నాతో పాతికేళ్ళు పనిచేసినవాడు, నా మంచి కోరేవాడు. చాలాసేపు చూసి, నక్షా చుట్టేశాడు.

"అక్కయ్యగారూ, మీకింకా మూడు నెల్లు. పెన్షను కాగితాలు కదిలాయి. ఈ మాట బయటికొస్తే ఎంక్వయిరీ అంటారు, అన్నీ ఆపేస్తారు. పచ్చగా ఉంది, పార్కనుకున్నారు. ఊరుకోండి."

"ఆవిడ ఇల్లో?"

"ఆవిడ ఆరిళ్ళు మారింది కదండి. ఏడోది చూసుకుంటది."

ఆ మాటకి నాకు కోపం రాలేదు. అదే నాకు సిగ్గనిపించింది. ఊరుకున్నాను. నాలుగు రోజులు ఊరుకున్నాను. అన్నం తినేటప్పుడల్లా బొటనవేలు కనిపించేది. చెంచాతో తినడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్ళు వేలికేమైందని అడిగితే కాలిందన్నాను.

విచారణ రోజు పొద్దున పదకొండింటికి ఆ పార్కు నిండిపోయింది. నిండటానికి ముప్పై మంది చాలు. ఆఫీసరు గారికి కుర్చీ వేశారు. చేపలావిడ గోనెల దగ్గర నిలబడింది. లెక్చరరు గారు ముందుకొచ్చారు.

"సార్, ఊపిరాడని ఈ కాలనీకి ఇదొక్కటే ఊపిరితిత్తి. మా పిల్లల పిల్లలు పచ్చగడ్డి ఎలా ఉంటుందో ఇక్కడే చూడాలి."

చప్పట్లు కొట్టారు. ఒక పిల్లి సావిడాయ నోట కరుచుకుని ఆఫీసరు గారి కుర్చీ కిందనుంచి వెళ్ళిపోయింది.

"ఊపిరితిత్తి మీదైతే రిజిస్ట్రేసను నా పేరునెందుకుందండి?" అంది చేపలావిడ. అని నా వైపు చూసింది. కోపంగా కాదు. ఈ గుంపులో చదువుకున్న పెద్దావిడని నేనొక్కదాన్నే కనిపించి ఉంటాను. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"సార్, అది పార్కు కాదండి. అది నా బొటనవేలు."

ముప్పై మందీ నా వేలు వైపు చూశారు. సర్వేయరు ఆకాశంలోకి చూశాడు. నేను నక్షా పరిచి, పసుపు సంగతంతా చెప్పాను. ఆఫీసరు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"పసుపంటే పసుపుపచ్చగా ఉండాలి కదమ్మా, ఇది ఆకుపచ్చ."

"నీలం కాగితం మీద పెట్టానండి."

"పసుపనడానికి రుజువేంటి?" అన్నారు లెక్చరరు గారు. "రేపు ప్రతివాళ్ళూ వచ్చి ప్రతి పార్కూ పసుపంటారు."

చేపలావిడ రొంటినుంచి డబ్బీ తీసింది. "దీనికింత రాద్ధాంతం ఏంటండి? పసుపైతే సున్నం తగిలితే ఎర్రబడద్ది. పెన్సిలయితే పడదు. మీ ఇళ్ళల్లో దిష్టి తియ్యరా ఎప్పుడూ?"

సర్కారు రికార్డుకి సున్నం రాయొచ్చో లేదో ఎవరికీ తెలియదు. ఆఫీసరు గారు ఇటూ అటూ చూసి, చిటికెడు రాయమన్నారు. ఆవిడ చూపుడు వేలి కొసతో మచ్చ మీద అద్దింది. అందరూ నక్షా మీదికి వంగారు. ఈల కూడా వంగింది, లెక్చరరు గారి మెడలోంచి వేలాడుతూ.

ఎర్రబడింది. పెళ్ళికూతురి పారాణంత ఎర్రగా.

విచారణకి మాతో వచ్చిన కంప్యూటరు అమ్మాయి నా చెవి దగ్గరికొచ్చి, "మేడమ్, ఇప్పుడు మళ్ళీ స్కాన్ చేస్తే ఇది రోడ్డవుద్దండి" అంది. ఆ మాట నిజమే. దాంతో స్కాన్ వద్దనీ, చేత్తోనే సరిదిద్దాలనీ తీర్మానమైంది. ఆవిడ ప్లాటు ఆవిడదేనని ఆఫీసరు గారు అక్కడే రాసి సంతకం పెట్టారు. ఆవిడ ఏడవలేదు, నవ్వలేదు. గోనెల మీద చేపల్ని రెండో వైపుకి తిరగేసింది.

గుంపు కదలబోతుంటే ఆఫీసరు గారు నక్షా వంక ఇంకా చూస్తూ, "అయితే మరి పార్కెక్కడ?" అన్నారు.

రంగు పోయింది గానీ నా సిరా గీత పోలేదు. ఆయన పెన్ను ఆ గీత చుట్టూ తిరిగింది. తల ఎత్తి, ఉత్తరం ఎటని అడిగి, అటు తిరిగారు. మేమంతా తిరిగాం. ఎదురుగా తొమ్మిది ఇళ్ళు, రంగులు వేసి, టైల్సు అంటించి, మెరుస్తున్నాయి. మూడోది లెక్చరరు గారిది. గేటు మీద పచ్చదనం గురించి ఒక సూక్తి కూడా రాయించుకున్నారు.

"వెలిసిపోయిన రంగు మళ్ళీ వెయ్యండమ్మా" అన్నారు ఆఫీసరు గారు. నా సంచిలో ఆ ఏటి పచ్చ పెన్సిలుంది. బెంచీ మీద నక్షా పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది మందీ నా చుట్టూ మూగారు.

"మేడమ్ గారూ, కొంచెం ఇటు జరపండి."

"అమ్మా, మా ప్రహరీ వదిలెయ్యండి, చాలు."

"మేము కూడా కొనుక్కున్నవాళ్ళమేనండి" అన్నాడొకాయన నీరసంగా. ఆ మాట మాత్రం నాకు గుచ్చుకుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అయినా గీత నాది. ఆ గీత దాటకుండా రంగు వెయ్యడం, గీత లోపల ఖాళీ వదలకపోవడం, నాకొచ్చిన విద్య ఆ రెండే. ఈసారి పొదుపు చెయ్యలేదు. కాగితం చిరుగుతుందేమోనన్నంత గట్టిగా రుద్దాను. పెన్సిలు సగమైంది.

తరవాతి వారం నాకు మెమో వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా ప్రభుత్వ రికార్డు మీద పసుపు వాడినందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. వాడిన పసుపు పరిమాణం కూడా తెలపమన్నారు. 'బొటనవేలికి అంటినంత' అని రాశాను. అది కొలత కాదని తిప్పి పంపారు. 'డెబ్బై రెండు గజాలు' అని రాశాను. ఫైలు మూసేశారు. పెన్షను నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది, అయినా వచ్చింది.

తొమ్మిది ఇళ్ళకీ నోటీసులు వెళ్ళాయి. వాళ్ళు కోర్టుకెళ్ళారు. ఇళ్ళు అలాగే ఉన్నాయి, వాయిదాలు నడుస్తున్నాయి. కంప్యూటర్లో మాత్రం ఆ తొమ్మిది కుటుంబాలూ పచ్చటి పార్కులో కాపురం ఉంటున్నాయి. ఒకరోజు లెక్చరరు గారు నన్ను వెతుక్కుంటూ మా ఇంటికొచ్చారు. జేబులో సున్నం డబ్బీ ఉంది. ఒకసారి రాసి చూద్దామా అన్నారు. అది పెన్సిలండి, ఎర్రబడదు అన్నాను. కాఫీ తాగి వెళ్ళారు. నేను ఎదురుపడితే ఆయన చెప్పు తెగడం అప్పట్నుంచే.

చేపలావిడ ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పిలిచి, గడపకి పసుపు నన్నే రాయమంది. నేను చెయ్యి కొంగులో దాచుకున్నాను.

"నా చెయ్యి సంగతి తెలిసి కూడానా?"

"తెలిసే కదక్కా. స్థలం పోగొట్టే చేతులు శానా చూశా. మళ్ళీ తెచ్చిచ్చింది మీదొక్కటే. రాయండి."

రాశాను. మిగతా ఇళ్ళలాగే అదీ గోడకి గోడ, మెట్టు దిగితే రోడ్డు. డెబ్బై రెండు గజాల్లో ఆవిడ మాత్రం ఏం వదలగలదు? ఆ లేఅవుటులో మిగిలిన గడ్డి అదొక్కటే, దాన్ని కూడా సిమెంటు చేయించింది నా నిజం. అది తలుచుకుంటూ మెట్టు దిగుతుంటే కాలి దగ్గర సిమెంటులో చిన్న గుంట కనిపించింది. అందులో కరివేపాకు మొక్క.

"మేస్త్రీ పూడ్చేస్తానన్నాడక్కా. నేనే వద్దన్నా. ఇంతమంది పార్కు పార్కని తిరిగారు కదా, పోనీలే, మీ వేలంత ఉంచుదామని."

వంగి, అలవాటు కొద్దీ, బొటనవేలు పెట్టి చూశాను. కొంచెం పెద్దదే.

మొన్న ఆదివారం భోజనానికి పిలిచింది. మొక్క మోకాలెత్తయింది. లోపల నెత్తళ్ళ పులుసు ఉడుకుతోంది, వాసన వీధి చివరిదాకా వస్తోంది, ఖాళీ చెయ్యమనేవాళ్ళెవరూ లేరు. ఆవిడ గరిటె చేత్తో పట్టుకునే బయటికొచ్చి, ఎనభై ఎనిమిది ప్లాట్ల లేఅవుటుకున్న ఆ ఒక్క పార్కులోంచి రెండు రెబ్బలు తుంచుకుని లోపలికెళ్ళింది.